కావ్యనాటకములందు హాస్యధర్మము

(చీరాల వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఉదయమునుండి తీర్మానములు, జమాఖర్చులు, విద్యార్థివేతనముల చర్చలు విని తా మందరు నలసియున్నారు. రాత్రికి మన యువకులు ప్రహసనము నాడనున్నారు. ఆ రెంటికి నడుమ హాస్యమును గూర్చి మాటాడుట యుచితమని తలంచితిమి. నవ్వుటకు శాస్త్రమేల యని కొంద రడుగవచ్చును. పసిపాపకు నవ్వు నెవ్వరును నేర్పరు, నిజమే. ఎవరిని జూచి నవ్వవలయునో, ఎవరిని జూచి నవ్వరాదో తెలియుటకు మాత్రము వివేకము కావలయును. ఆ వివేకము మన కావ్యనాటకములలో నున్నదని మనవిచేయుటయే మా యుద్దేశము.

భరతముని శృంగారమునుండి హాస్యము పుట్టునని చెప్పి, దానిని స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని యారు విధములుగా విభజించెను. పలువరుస కానరాని చిరునగవు మొదటిది. ప్రక్కలు పట్టుకొని నవ్వునది కడపటిది. ఈ నవ్వు లెందువలన పుట్టును? అనౌచిత్యమే వానికి మూలమని యభినవగుప్తుడు వివరించెను. పండితుడు కానివాడు పండితునివలె పలుకుట, పిరికివాడు శూరునివలె మీసము దువ్వుట, లోభి ధర్మమునుగూర్చి యుపన్యసించుట అనౌచిత్యములు. బీదతనము అనౌచిత్యము కాదు. పుట్టుక అనౌచిత్యము కాదు. నత్తి, కుంటితనము అనౌచిత్యములు కావు. ఈ భేదమును మనస్సున నుంచుకొని ప్రాచీననాటకములను చూతము.

శూద్రకుని మృచ్ఛకటికమున శకారుడు రాజుగారి బావమరిది. అధికారము మెండు, చదువు సున్న. వసంతసేనను తరుముచు, రావణునికి కుంతి వశమైనట్లు ఆమె తనకు వశమైనదని ప్రగల్భించును. భారతములోని కుంతి రామాయణములోని రావణుని చేతికెట్లు చిక్కెనో యాతనికే తెలియవలయును! సభ గొల్లుమనును. కాని కొన్ని యంకములు గడచునప్పటి కీ మూర్ఖుడే వసంతసేన గొంతు నులుముచున్నాడు. ఆ నేరమును నిరపరాధియైన చారుదత్తునిపై మోపుచున్నాడు. మనము నవ్వినది ఒక మూఢుని జూచి మాత్రమే కాదనియు, వివేకము లేని యధికారమును జూచియనియు నప్పుడు తెలియును. ఆ నాటకముననే విదూషకుడు మైత్రేయుడు కలడు. చారుదత్తుని సంపద తరిగినది. మైత్రేయుని తిండికి లోటు వచ్చినది. సణుగును, విసుగుకొనును, మిత్రుని మితిమీరిన దాతృత్వమును తప్పుపట్టును. అయినను వానిని విడిచిపోడు. హాస్యమాడు హక్కు అట్టివానికి గలదు.

కాళిదాసుని శాకుంతలమున నింకను సూక్ష్మమైన విషయ మొకటి గలదు. ద్వితీయాంకమున విదూషకుడు మాధవ్యుడు దుష్యంతుని వేటవలన తనకు కలిగిన యవస్థలను నవ్వుపుట్టునట్లు మొరపెట్టుకొనును. వేట యాగును. మంత్రులు చెప్పజాలని మాటను హాస్యము చెప్పగలిగినది. అంకాంతమున వానిని రాజధానికి పంపుచు, శకుంతలయందలి తన యనురాగము కేవలము పరిహాసమని, నిజమనుకొనవలదని రాజు చెప్పును. పాప మా బ్రాహ్మణుడు నమ్మును. పంచమాంకమున శకుంతల సభకు రాకమున్నే మాధవ్యుడు హంసపదికను సమాధానపరచుటకు వెళ్లుచున్నాడు. ఆరవయంకమున, తాను పరిహాసమని నమ్మియే మిన్నకుంటినని చెప్పును. శాపమువలన రాజు మరచెను. పరిహాసమను మాటవలన మిత్రుని నోరు మూతపడెను. విదూషకుని హాస్యము సత్యమును చెప్పుటకు. రాజు హాస్యమను పేరు పెట్టినది సత్యమును దాచుటకు. "ఊరక నవ్వులాటకన్నాను" అని తప్పుకొనువారు ఈ ఘట్టమును నాలుగుమారులు చదువదగును.

ఇక మన తెలుగునకు వత్తము. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున మంచనశర్మయను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టియను వైశ్యుడును కలసి కాకతీయుల యోరుగంటి వీథులలో తిరుగుదురు. ఆ కావ్యములోని మాటలన్నియు నేటి సభకు తగినవని మే మనము. కాని కులము వేరైన యిరువురు చెలికాండ్రు ప్రక్కప్రక్కను నడచుచు సరసములాడుట యెంత సొంపుగా నున్నది! తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మ దుర్వ్యసనములలో పడగా, పేరైన లేని యాతని యక్క యత్తవారింటినుండి వచ్చి బుద్ధులు చెప్పును. వాడు రాత్రివేళ నగలన్నియు మూటగట్టుకొని పారిపోవును. తెల్లవారిన పిమ్మట ఆ యక్క తమ్ముడు పోయెనని యేడ్చునో, ముక్కర పోయెనని యేడ్చునో! చదివిన ప్రతివాడును తన యింటివారిని దలచుకొని చిరునవ్వు నవ్వును. తన్ను తా నెరిగిన నవ్వు అది.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శితమైనది, 1897లో ముద్రితమైనది, 1909లో చాలవరకు మార్పుతో మరల వెలువడినది. అందు నవ్వుబాటయినవా రెవరు? పసిబిడ్డను వెలకు అమ్మజూచిన అగ్నిహోత్రావధానులు, కొనజూచిన లుబ్ధావధానులు, నాలుగు ఇంగ్లీషు ముక్కలతో లోకమును మోసగించు గిరీశము. అమ్ముడుపోవలసిన సుబ్బిని జూచి యెవ్వరైన నవ్వుదురా? వితంతువైన బుచ్చమ్మను? ఆ నాటకమునందెల్ల పదునైన మాట లెవరివి? లోకము చిన్నచూపు చూచిన వేశ్య మధురవాణివి. బలవంతుని నవ్వులపాలు చేసి, బలహీనునికి చతురోక్తి నిచ్చుట! హాస్యధర్మ మంతయు నిందులో నున్నది.

ఇది పుస్తకములకే పరిమితమైన ధర్మము కాదని తెలుపుటకు చీరాలయే సాక్షి. 1921లో పురపాలకసంఘపు పన్నుల భారమునకు ఓర్వక చీరాల పేరాల ప్రజలు ఇండ్లువాకిళ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. వారిని నడపిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు (1889-1928) ఎడింబరోలో చదివినవారు, ఇచ్చట ఆంధ్రవిద్యాపీఠగోష్ఠిని స్థాపించినవారు. వారి చాటువులు, చమత్కారోక్తులు ఆంధ్రదేశమున ప్రసిద్ధములు. ఎండకు వానకు పాకలలో నున్నవారికి ధైర్యము కావలయును. నవ్వగలవానికి ధైర్యము సగము చేకూరినట్లే. ఆ హాస్యము సర్కారువారి యెదుట నిలిచిన హాస్యము.

మహాశయులారా! ఇప్పుడు మనవైపు చూచుకొందము. ఏదో సినిమాలో మన కులమువానిని వెకిలిగా చూపిరని మన సభలలో బాధపడుచుందుము. ఆ బాధ న్యాయమైనదే. కాని మన వేదికలపై నాడెడు ప్రహసనములలో చాకలి, మంగలి, కూలివాడు ప్రవేశించినంతనే నవ్వవలెనని యేల వ్రాయుచున్నారు? వాడు మూర్ఖపుపని చేసినందులకా? వానివలె పుట్టినందులకా? తెర కట్టినవాడు, దీపములు పెట్టినవాడు, కుర్చీలు సర్దినవాడు ఆ ప్రక్కనే నిలుచుండి యా నవ్వును వినుచున్నాడు. చేతి ఫోనులలో దినమునకు పదిమారులు వచ్చు వెక్కిరింతల మాటయు నింతే. పరులు మనకు చేసినప్పుడు అవమానమైనది, మనము పరులకు చేసినప్పుడు వినోద మెట్లగును?

కావున యువకులకు మా విన్నప మొకటి. నాటకము నెన్నుకొనునప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఇందు నవ్వులపాలగువాడు తాను చేసినదానికి నవ్వులపాలగుచున్నాడా, తాను పుట్టినదానికా? వాడు ముందువరుసలో కూర్చుండి చూచినచో మన మీ మాటను పలుకగలమా? ఈ రెంటికి నిలిచిన హాస్యమును నిర్భయముగా నాడుడు. సంఘపు పెద్దలను, మా వంటి పాతకాలపు ఉపాధ్యాయులను, కట్నముల బేరములను, మన డాంబికములను చెరిగివేయుడు. ముందువరుసలో కూర్చుండి మేము నవ్వెదము. తన్ను జూచి తాను నవ్వగల సంఘము తన లోపమును తాను దిద్దుకొనగలదు.