రేవు ఎవరిది, లీజు ఎన్నేళ్ళది?

(సిడ్నీలో ఒక కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఈ వారం మాట్లాడబోయే విషయం పేరు చెబితే కొంతమంది రేడియో కట్టేస్తారేమోనని కాస్త భయంగానే ఉంది. నీటి ఒడ్డున ఉన్న ప్రభుత్వ భూమిని వ్యాపారాలకు లీజుకివ్వడం, దానికి సంబంధించిన చట్టాలు. "మాది బ్లాక్‌టౌన్ అవతల ఇల్లు, దానికే ముప్ఫై ఏళ్ళ అప్పు. హార్బర్ ఒడ్డుతో మాకేం పని?" అని మీరు అడగొచ్చు. పనుంది. హార్బర్ కనబడే ఇల్లు మనలో చాలామందికి దొరకదు. ఆదివారం పిల్లల్ని తీసుకుని రైలెక్కి వెళ్ళి ఒడ్డున నడిచి రావడం మాత్రం ఎవరికైనా దొరుకుతుంది, డబ్బులు కట్టకుండా. ఆ ఒడ్డు ప్రభుత్వ భూమి కాబట్టే అది దొరుకుతోంది.

ముందుగా ఒక మాట. లీజుకివ్వడమే తప్పని నేను చెప్పబోవడం లేదు. మన ఊళ్ళలో చెరువులో చేపలు పట్టుకునే హక్కుకి వేలంపాట పెడతారు. పాట పాడుకున్నవాడు డబ్బు కడతాడు, చేపలు పట్టుకుంటాడు. ఆ డబ్బు ఊరికి పనికొస్తుంది. అయితే అతను చెరువు గట్టు మీద ఎవరూ నడవకూడదని అనడానికి లేదు. గొడ్లు నీళ్ళు తాగకూడదని అనడానికీ లేదు. గడువు తీరాక మళ్ళీ పాట పెడతారు. అంటే ఊరు చేపల హక్కుని కొన్నాళ్ళకి ఇచ్చింది కానీ చెరువుని ఇవ్వలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇప్పుడు మన సిడ్నీ సంగతికి వద్దాం. బారంగారూ మీ అందరికీ తెలుసు. మన ఐటీ వాళ్ళు చాలామంది అక్కడి టవర్లలో పనిచేస్తున్నారు. 2024 ఆగస్టు నుంచి మెట్రో స్టేషన్ కూడా ఉంది. బారంగారూ అనేది ఒక మనిషి పేరు. ఇంగ్లీషువాళ్ళు వచ్చేనాటికి ఈ హార్బర్‌లో చేపలు పట్టి బతికిన కామరేగల్ తెగ స్త్రీ ఆమె, బెనెలాంగ్ భార్య. తర్వాత అక్కడ ఓడల రేవులు వచ్చాయి. అక్కడి హిక్సన్ రోడ్డుని "హంగ్రీ మైల్", అంటే ఆకలి మైలు, అనేవారు. 1930ల మాంద్యంలో కూలీలు ఆ రోజుకి పని దొరుకుతుందేమోనని రేవు నుంచి రేవుకి నడిచిన దారి అది. చివరికి అక్కడ కంటైనర్లు దింపే కాంక్రీటు మైదానం మిగిలింది. కంచె దాటి జనం లోపలికి వెళ్ళే వీలుండేది కాదు.

2003లో రాష్ట్ర ప్రభుత్వం ఓడల పనిని అక్కణ్ణించి తరలించాలని నిర్ణయించింది. ఖాళీ అయ్యే 22 హెక్టార్లు నగరం నడిబొడ్డున, నీళ్ళ పక్కన ఉన్నాయి. డిజైన్ పోటీ పెట్టారు, 2006లో విజేతను ప్రకటించారు. 2009లో బారంగారూ డెలివరీ అథారిటీ యాక్ట్ అనే చట్టం చేశారు. ఆ స్థలాన్ని అభివృద్ధి చేయడానికి, కంపెనీలతో ఒప్పందాలు కుదుర్చుకోవడానికి ఒక సంస్థను ఏర్పాటుచేశారు. అదే సంవత్సరం డిసెంబర్‌లో దక్షిణ భాగం లెండ్ లీజ్ కంపెనీకి దక్కింది. భూమి ప్రభుత్వానిదే, టవర్లు 99 ఏళ్ళ లీజు మీద.

దీనివల్ల మంచి జరగలేదా అంటే, జరిగింది. ఉత్తరం వైపున 6 హెక్టార్ల బారంగారూ రిజర్వ్ 2015 ఆగస్టులో జనానికి తెరిచారు. కాంక్రీటు తీసేసి, ఇసుకరాయి పేర్చి, ఇక్కడి చెట్లే నాటారు. ఒడ్డు పొడుగునా నడకదారి వచ్చింది. ఒకప్పుడు కంచె ఉన్నచోట ఇప్పుడు మన పిల్లలు సైకిలు తొక్కుతున్నారు. ఇది చిన్న విషయం కాదు.

అయితే దక్షిణం వైపున ఏం జరిగిందో కూడా చూడాలి. 2012లో క్రౌన్ అనే కాసినో కంపెనీ అక్కడ హోటలు, జూదశాల కడతామని ముందుకొచ్చింది. ప్రభుత్వం టెండరు పిలవలేదు. కంపెనీయే తనంతట తాను ప్రతిపాదన తెచ్చింది. ఇక్కడ దాన్ని అన్‌సొలిసిటెడ్ ప్రపోజల్ అంటారు. 2013 నవంబర్‌లో రెండు పెద్ద పార్టీల మద్దతుతో కాసినో చట్టాన్ని సవరించి అనుమతి ఇచ్చారు. ఆ టవరుకి చోటెక్కడ అన్నది చాలాకాలం నలిగింది. మొదట నీళ్ళలోకి చొచ్చుకొచ్చే కట్ట మీద హోటలు అనుకున్నారు, జనం గోల చేశారు. చివరికి 2016లో, అసలు ప్లానుకి ఎనిమిదో సవరణగా, ఒడ్డున నేల మీదకి మార్చి ఆమోదించారు. నీళ్ళ పక్కన పార్కు అనుకున్న చోట 271 మీటర్ల టవరు వచ్చింది. పార్కు దాని వెనక్కి పోయింది. కోర్టుకి వెళ్ళినవాళ్ళు ఆ ఏడాది డిసెంబర్‌లో ఓడిపోయారు.

హోటలు 2020 డిసెంబర్‌లో తెరిచారు. 2021 ఫిబ్రవరిలో, మాజీ న్యాయమూర్తి పట్రీషియా బెర్గిన్ జరిపిన విచారణ నివేదిక వచ్చింది. కాసినో లైసెన్సు ఉంచుకోవడానికి క్రౌన్ తగిన సంస్థ కాదని ఆమె తేల్చారు. జూదం అప్పటికింకా మొదలవలేదు. సంస్థ యాజమాన్యంలో, పద్ధతుల్లో మార్పులు చేశాక 2022 ఆగస్టులో మొదలైంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. లైసెన్సుని ఆపగలిగారు కానీ టవరుని ఆపలేకపోయారు. అప్పటికే అది నిలబడి ఉంది. లైసెన్సు షరతుల ప్రకారం ఇచ్చేది, వెనక్కి తీసుకోవచ్చు. ఒడ్డున లేచిన 271 మీటర్ల కట్టడాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారు?

ఇంకో సంగతి, మన వృత్తివాళ్ళకి బాగా అర్థమయ్యేది. 2018 డిసెంబర్‌లో క్రౌన్, లెండ్ లీజ్ కలిసి ఆ ప్రభుత్వ సంస్థ మీదే సుప్రీంకోర్టులో గెలిచాయి. నేను చెప్పేది న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు గురించి. గొడవేమిటంటే, తమ భవనాల నుంచి ఒపేరా హౌస్, హార్బర్ బ్రిడ్జి కనబడాలి, కాబట్టి మధ్యలో ఉన్న ప్రభుత్వ స్థలంలో ఏం కట్టాలన్నా ముందు తమతో సవ్యంగా చర్చించాలని ఒప్పందంలో ఉంది. ఆ చర్చ సరిగ్గా జరగలేదని కోర్టు చెప్పింది. చూశారా, లీజుకిచ్చింది ఒక ముక్క. కట్టుబడింది పక్క ముక్క కూడా. పార్లమెంటులో చర్చకొచ్చే చట్టం వేరు, గదిలో కూర్చుని సంతకాలు చేసే ఒప్పందం వేరు. ఈ కథలో చూపుకి సంబంధించిన హక్కు ఒప్పందంలో ఉంది.

మనం ఆఫీసులో మూడేళ్ళ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు రాసేటప్పుడు ఎంత జాగ్రత్త పడతాం! బయటపడే దారి ఏది, చేంజ్ రిక్వెస్టుకి ఎవరు సంతకం పెట్టాలి, వెండరు చేతిలో ఇరుక్కుపోకుండా ఏం చెయ్యాలి, ఇవన్నీ వారాల తరబడి మాట్లాడుకుంటాం. 99 ఏళ్ళ ఒప్పందానికి ఇంకెంత జాగ్రత్త కావాలి? 2015లో ఇచ్చిన 99 ఏళ్ళ లీజు 2114లో ముగుస్తుంది. దాన్ని రాసినవాళ్ళు, ఒప్పుకున్నవాళ్ళు, ఓటేసినవాళ్ళు ఎవరూ అప్పటికి ఉండరు. అంతకాలం ఇస్తే, కాగితం మీద లీజు అని ఉన్నా బతికున్నవాళ్ళ దృష్టిలో అది అమ్మకంతో సమానం.

ఇలాంటప్పుడు కోర్టులు అడ్డుపడవా అని సందేహం వస్తుంది. కొన్ని దేశాల్లో అడ్డుపడ్డాయి. 1869లో ఇల్లినాయ్ శాసనసభ షికాగో దగ్గర మిషిగన్ సరస్సు అడుగు భూమిని ఒక రైల్వే కంపెనీకి రాసిచ్చేసింది. 1873లో మనసు మార్చుకుని రద్దు చేసింది. కంపెనీ పోరాడితే 1892లో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. ఆ నీళ్ళు, ఆ అడుగు భూమి జనం తరఫున ప్రభుత్వం దగ్గర ఉన్న నిక్షేపం లాంటివనీ, వాటిని మొత్తంగా వదులుకునే అధికారం శాసనసభకి లేదనీ చెప్పింది. మన దేశంలో 1996 డిసెంబర్‌లో, హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక మోటెల్‌కి ఇచ్చిన లీజుని సుప్రీంకోర్టు ఇదే సూత్రం మీద కొట్టేసింది.

మన తెలుగునేల మీద కూడా ఒక కేసుంది. తిరుపతి దగ్గర అవిలాల చెరువు, పేరూరు చెరువు. వాటి శిఖం భూముల్ని ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇళ్ళ నిర్మాణానికి ఇచ్చింది, ఒకటి హౌసింగ్ బోర్డుకి, ఇంకొకటి దేవస్థానానికి. తిరుపతిలోని ఇంటలెక్చువల్స్ ఫోరం కోర్టుకెక్కింది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాళ్ళ వాదనలో న్యాయముందని ఒప్పుకుంది. చెరువులు ప్రజల తరఫున ప్రభుత్వం కాపాడవలసినవేనని చెప్పింది. అయితే అప్పటికే చాలా కట్టేశారు. అందుకని ఉన్నవాటిని కూల్చమనలేదు. ఇకమీద కట్టవద్దనీ, వాన నీటిని ఇంకించే ఏర్పాట్లు చేయమనీ ఆదేశించింది. గెలిచినవాళ్ళకి కూడా పోయిన చెరువు పూర్తిగా తిరిగి రాలేదు.

ఆస్ట్రేలియాలో ఆపాటి ఆసరా కూడా తక్కువ. ఈ ప్రజా నిక్షేప సూత్రం ఇక్కడి కోర్టుల్లో అంతగా వేళ్ళూనుకోలేదు. రాష్ట్ర పార్లమెంటు ఏ చట్టం రాస్తే దాదాపు అదే చివరి మాట. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. ఇండియాలో అయితే ఆలస్యమైనా కోర్టు తలుపు తట్టొచ్చు. ఇక్కడ మాట్లాడవలసింది ముందే, బిల్లు చర్చలో ఉన్నప్పుడు, ప్లాను జనం ముందు పెట్టినప్పుడు. సంతకాలయ్యాక చెయ్యగలిగింది చాలా తక్కువ, దానికి ఖర్చు ఎక్కువ.

ఆ ఖర్చు సంగతి మెల్‌బోర్న్ వాళ్ళనడగండి. సెయింట్ కిల్డాలో సముద్రం పక్కన ట్రయాంగిల్ అనే ప్రభుత్వ స్థలంలో దుకాణాల సముదాయం కట్టడానికి 2008 ఫిబ్రవరిలో స్థానిక కౌన్సిల్ ఆమోదించింది. జనం భగ్గుమన్నారు. ఆ నవంబర్ ఎన్నికల్లో కౌన్సిల్ మారిపోయింది. 2009లో కొత్త కౌన్సిల్ ఆ ఒప్పందం నుంచి బయటపడింది, కానీ కంపెనీకి 50 లక్షల డాలర్లు చెల్లించి. అది అక్కడివాళ్ళు కట్టిన పన్నుల డబ్బే.

మరి చట్టాన్ని మంచిగా రాయొచ్చా? రాయొచ్చు. దానికి ఉదాహరణ మన సిడ్నీలోనే ఉంది. కాకటూ ద్వీపం, మిడిల్ హెడ్ లాంటి పాత సైనిక స్థలాలను అమ్మేస్తారేమోనని జనం ఉద్యమించాక, 2001లో ఫెడరల్ పార్లమెంటు సిడ్నీ హార్బర్ ఫెడరేషన్ ట్రస్టు చట్టం చేసింది. ఆ ట్రస్టు కూడా భవనాలను వ్యాపారాలకు అద్దెకిస్తుంది. లేకపోతే మరమ్మతులకి డబ్బెక్కడిది? కానీ 25 ఏళ్ళు దాటే లీజుకి మంత్రి సంతకం ఒక్కటీ చాలదని, అది పార్లమెంటు ముందుకి రావాలని, సభ తిరస్కరించవచ్చని నియమం తెచ్చారు. పొడుగు లీజు ఇవ్వాలంటే వెలుతురులో ఇవ్వాలి, అంతే.

కాబట్టి ఇకమీద ఎక్కడైనా "వాటర్‌ఫ్రంట్ రెవిటలైజేషన్" అనే మాట వినబడితే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, గడువెంత, పొడిగింపులతో కలిపి ఎంత? రెండు, నీటి అంచున నడకదారి చట్టంలో ఉందా, లేక కంపెనీ బొమ్మల్లో మాత్రమే ఉందా? మూడు, షరతులు మార్చాలంటే ఎవరి అనుమతి కావాలి, ఆ మార్పు మనకి కనబడుతుందా? నాలుగు, లీజు ఇచ్చిన ముక్కే కాకుండా పక్క భూమి మీద కూడా ఏమైనా మాట ఇచ్చారా?

మనలో చాలామంది ఇంకా పీఆర్ మీదో, వర్క్ వీసా మీదో ఉన్నారు. "మాకు ఓటే లేదు, మా మాట ఎవరు వింటారు?" అంటారు. వినకపోవచ్చు, కానీ చెప్పే హక్కు మాత్రం ఉంది. ఈ రాష్ట్రంలో పెద్ద ప్రాజెక్టుల దరఖాస్తుని కొన్ని రోజులపాటు జనం ముందు పెట్టాలి. దాని మీద అభిప్రాయం పంపడానికి పౌరసత్వం అక్కర్లేదు. ఇంగ్లీషు గొప్పగా ఉండనక్కర్లేదు, ఒక పేజీ చాలు. అందరూ ఒకే కాగితాన్ని కాపీ చేసి పంపడం కన్నా, మీరు ఆ చోటుని ఎలా వాడుకుంటారో మీ మాటల్లో రాయడం మంచిది. వీల్‌చైర్‌లో ఉన్న అమ్మమ్మని తీసుకెళ్తే ర్యాంపు ఉందా, కూర్చోడానికి నీడ ఉందా, ఇవి కూడా అభిప్రాయాలే.

ఫలితం ఉంటుందా అంటే, కొన్నిసార్లు ఉంటుంది. బారంగారూ మధ్యభాగానికి తొమ్మిదో సవరణ 2022లో జనం ముందుకొచ్చినప్పుడు అభ్యంతరాలు వెల్లువెత్తాయి. ఆ తర్వాత 2023 చివర్లో అందులోని ఎత్తైన టవరుని తీసేసి, ప్లానుని తగ్గించి మళ్ళీ తెచ్చారు. రాసినవాళ్ళు రాయబట్టే కదా!

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మనకో సామెత ఉంది. అందరిదీ అంటే ఎవరూ పట్టించుకోరని. ఈ దేశంలో మనకి వాటాగా వచ్చిన ఉమ్మడి ఆస్తి ఈ ఒడ్డు. మీరుండే చోట నది పక్కనో, సముద్రం పక్కనో అలాంటి ప్రతిపాదన ఏదైనా ఉంటే మన కార్యక్రమానికి ఫోన్ చేసి చెప్పండి. కాగితాలు తెప్పించి కలిసి చదువుదాం.