పడవ వెనుక అల

వంశధార సముద్రమున గలియు కళింగపట్నపు ఒడ్డున తెప్పకు తొలి పరీక్ష విరుగు కెరటమే యని మనమెరుగుదుము. 1922లో అమెరికాలో రాల్ఫ్ శామ్యూల్‌సన్ ఆరంభించిన వాటర్ స్కీయింగు క్రీడకును పరీక్ష అలయే. కాని దానిని పుట్టించునది ముందు సాగు మోటారు పడవ.

స్లాలమ్ పందెములో క్రీడాకారుడు తాడు పట్టుకొని, ఒంటి పలకపై, నీట తేలు ఆరు గుర్తులను ఇటునటు చుట్టుచు ఆ అలను మాటిమాటికి దాటవలెను. అతనికి అది చిన్నదైననే మేలు. వేక్‌బోర్డు వానికో, గాలిలోనికెగురుటకు పెద్ద అల కావలెను. రెండింటికిని ఉద్దేశించిన పడవలో తొట్లు నీటితో నింపిన అల పెరుగును. ఖాళీ చేసిన తగ్గును. ఒకరికి మెట్టైనది మరొకరికి గోడ. కావున వెనుకనున్న వాడెవ్వడో యెరిగి పడవ నడుపవలెను.

మన తెప్పవారికి ఆ వెసులుబాటు లేదు. కెరటము తగ్గు క్షణమును కనిపెట్టి తెడ్డు వేయుటయే వారి విద్య. ఆ విద్యకు మనము తలవంచుదము.