మేకాంగ్ నది జెల్ల

కొల్లేటి ప్రాంతపు చెరువులలో ‘ఫంగస్’ అను చేపను పెంచుట మీలో పలువురెఱుగుదురు. పొలుసులు లేవు, మీసములు గలవు. మన జెల్లలకు దాయాది. దాని పుట్టినిల్లు మేకాంగ్ నది. దక్షిణ వియత్నామువారు దీనిని ‘ట్రా’ అందురు.

అచ్చటి చౌడోక్ పట్టణమున నీటిపై తేలు ఇండ్లున్నవి. ఇంటిక్రింద నదిలో చేపల పంజరము; నేలపలక నెత్తి మేత వేయుదురు. నేడు ట్రాను మాత్రము మూడు నాలుగు మీటర్ల లోతుగల చెరువులలోనే పెంచుచున్నారు. పూర్వము పిల్లలను వఱదకాలమున నదిలో పట్టి తెచ్చెడివారు. 1990ల మధ్యకాలమున సూదిమందుతో గ్రుడ్లు పెట్టించు విద్య పట్టుబడి, విత్తనపు కఱవు తీఱెను. ఈ చేప పైకివచ్చి గాలి పీల్చుకొనగలదు గనుక, ఎంత క్రిక్కిఱిసినను బ్రతుకును. చౌకకు మూలమిదియే.

1992లో కెనడా ప్రభుత్వము న్యూఫౌండ్లాండ్ తీరమున కాడ్ చేపల వేటను ఆపివేసెను. ముల్లులేని తెల్లని కండకు అలవాటుపడిన పాశ్చాత్యులకు ట్రా అక్కఱకు వచ్చెను.

అంతట తగవు పుట్టెను. అమెరికాలో మిసిసిపీ రైతులును మీసాలచేపనే పెంచుదురు. దానిని ‘క్యాట్‌ఫిష్’, అనగా పిల్లిచేప, అందురు. శాస్త్రజ్ఞులు రెండింటిని ఒకే వర్గమున చేర్తురు. అయినను, ఉత్తర అమెరికా వంశపు చేపకు దప్ప ఆ పేరు చెల్లదని 2002లో అచ్చట శాసనమయ్యెను! 2003లో, తక్కువ ధరకు గుమ్మరించుచున్నారని సుమారు 37 మొదలు 64 శాతము వఱకు సుంకములు వేసిరి. మిసిసిపీ రైతును నేను దూషింపను, వాని ఖర్చు వానిది. కాని పేరు లాగికొనుట నాకు న్యాయముగ దోపదు. వియత్నామువారు ఐరోపాకు, పిమ్మట చైనాకు దిరిగిరి.

చౌక యనునది కొనువాని మాట. పెంచువాని ఖర్చులో ముప్పాతికవంతు మేతదే. కార్ఖానావారు ధర తగ్గించినప్పుడు రైతు ఏమి చేయగలడు? ధాన్యము గాదెలో నోరు మూసికొని యుండును. చేప దినదినమును తినును. కొలత మించి పెరిగినచో ధర ఇంకను తగ్గును.

మన చెరువుల ఫంగస్ మంచుపెట్టెలలో ఎక్కువగా దేశములోనే అమ్ముడగుచున్నది. ఎగుమతికి కండ తెల్లగానుండవలయును. అందులకు నీటిని తఱచుగా మార్చవలయును. మేకాంగ్ ముఖద్వారమున సముద్రపు పోటుపాటులే నీటిని తెచ్చి కొనిపోవును. మన కాలువలను వేసవిలో కట్టివేయుదురు గదా!