గడియారం ముల్లు, చేతిలో చిల్లర: చిన్నపిల్లలకు నేర్పడం ఎలా?



మీలో చాలామంది ఇళ్లలో ఆరేడేళ్ల తమ్ముడో చెల్లెలో ఉంటారు. కొందరు రేపు ఉపాధ్యాయులు కాబోతున్నారు. అందుకే చిన్నపిల్లలకు గడియారం చూడటం, డబ్బు లెక్కపెట్టడం ఎలా నేర్పాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇది పెద్ద విషయమా అని మీకు అనిపించవచ్చు. ఇప్పుడు ఫోను టైమును అంకెల్లోనే చూపిస్తుంది. 2016లో యూపీఐ వచ్చాక చెల్లింపులూ ఎక్కువగా ఫోనుతోనే జరుగుతున్నాయి. ముల్లు కదలడం, చిల్లర చేతులు మారడం పిల్లల కంటపడటం తగ్గింది. ఒకప్పుడు కొట్టుకు వెళ్లివస్తూ నేర్చుకున్నదాన్ని ఇప్పుడు మనం కూర్చోబెట్టి నేర్పాలి.

ముందుగా గడియారం సంగతి చూద్దాం. అట్టతో ఒక గడియారం చేయండి. దానికి చిన్న ముల్లు ఒక్కటే పెట్టండి. దాన్ని తిప్పుతూ "నాలుగయింది", "నాలుగు దాటింది", "ఐదు కావస్తోంది" అని చెప్పించండి. ఎందుకంటే పిల్లలు తరచుగా తడబడేది ఇక్కడే. 4 గంటల 50 నిమిషాలకు చిన్న ముల్లు 5కు బాగా దగ్గరగా ఉంటుంది. పిల్లవాడు 5:50 అంటాడు. ముల్లు 5ను ఇంకా చేరలేదని ముందే తెలిస్తే ఆ తప్పు చేయడు. ఆ తర్వాతే పెద్ద ముల్లు పెట్టి, ఐదో ఎక్కంతో నిమిషాలు చెప్పించండి. గుండ్రటి కాగితాన్ని నాలుగు మడతలు పెడితే పావు, అర, ముప్పావు కళ్లకు కనిపిస్తాయి. "నాలుగుంపావు", "నాలుగున్నర" అనే మాటలకు అర్థం అదే.

ఈ 'పావు' డబ్బులోనూ ఉంది. పూర్వం రూపాయికి 16 అణాలు. 4 అణాలు ఒక పావలా. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి అమలులోకి వచ్చి రూపాయికి 100 పైసలయ్యాయి. పావలా 25 పైసలయింది. 2011 జూన్ 30 నుంచి ఆ నాణెం చెల్లదు. మాట మాత్రం నిలిచిపోయింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. రూపాయి వందగా విడిపోతుంది, గంట అరవైగా విడిపోతుంది. 1 రూపాయి 30 పైసలకు 45 పైసలు కలిపితే 1 రూపాయి 75 పైసలు. 1 గంట 30 నిమిషాలకు 45 నిమిషాలు కలిపితే మాత్రం 2 గంటల 15 నిమిషాలు. రెండూ ఒకే వారంలో నేర్పితే పిల్లలు కలగాపులగం చేస్తారు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది మొదలుపెట్టండి.

అయితే రెండింటికీ పనికొచ్చే ఉపాయం ఒకటుంది. 37 రూపాయల సరుకుకు 50 నోటు ఇచ్చారు. దుకాణదారు తీసివేత చేయడు. 37కు 3 కలిపితే 40, ఇంకో 10 కలిపితే 50, మొత్తం 13 అని చిల్లర ఇస్తాడు. రైలు 10:40కి బయలుదేరి 1:15కి చేరింది. 20 నిమిషాలకు 11, అక్కడి నుంచి 2 గంటలకు 1, ఆపై 15 నిమిషాలు. మొత్తం 2 గంటల 35 నిమిషాలు. రెండుచోట్లా చేసింది ఒకటే: దగ్గరి గుండు సంఖ్యకు ఎక్కి, అక్కడి నుంచి ముందుకు సాగడం.

బజారు లెక్క, బడి లెక్క కలవకపోతే ఏమవుతుంది? అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరుల పరిశోధన ఒకటి 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలు అమ్మకపు లెక్కలు నోటితో చక్కగా చేశారు కానీ, బడి పద్ధతిలో ఇచ్చిన లెక్కలకు తడబడ్డారు. బడి పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు. అంటే ఒకచోట వచ్చిన లెక్క దానంతటదే రెండోచోటికి రాదు. ఆ వంతెన మనమే కట్టాలి.

దీని అవసరం ఎంతటిదో ఒక్క ఉదాహరణ చూడండి. మన ఊళ్లలో "మూడు రూపాయల వడ్డీ" అంటారు. అది 3 శాతం కాదు. నూటికి నెలకు 3 రూపాయలు, అంటే ఏడాదికి 36 శాతం. పావలా వడ్డీ అయితే ఏడాదికి 3 శాతం. డబ్బు లెక్క, కాలం లెక్క కలిపి చూడగలిగినవారికే ఈ తేడా తెలుస్తుంది. తెలియనివారు కాగితం మీద వేలిముద్రో సంతకమో పెట్టేస్తారు.

కనుక ఈ ఆదివారం ఒక పని చేయండి. తమ్ముడి చేతికో చెల్లెలి చేతికో నిజమైన 50 రూపాయల నోటు ఇచ్చి కొట్టుకు పంపండి. వెళ్లేముందు గడియారం చూపించి టైము రాయించండి. తిరిగి వచ్చాక చిల్లరెంత, పట్టిన సమయమెంత అని అడగండి. తప్పు చెబితే వెంటనే దిద్దకండి. "మళ్లీ లెక్కపెట్టమ్మా" అనండి. మీరు ఆగితే, చాలాసార్లు తమ తప్పు తామే పట్టుకుంటారు.