ఆ గొర్రెల అరుపులు మనకు వినబడుతున్నాయా?



కోలారు, హోసూరు, షోలాపూరు, బరంపురం, యానాం నుంచి వచ్చిన మీలో చాలామందికి వీధిలో ఒక భాష, ఇంట్లో తెలుగు. బైబిలు మాత్రం అందరికీ తెలుగే. ఆ బైబిలులోనుంచి ఈ ఉదయం ఒక్క సంగతి మాట్లాడతాను. మనిషి తనను తానే మోసం చేసుకోవడం.

ఎదుటివాణ్ణి మోసం చేసేవాడికి తాను చేస్తున్నది మోసమని తెలుసు. తనను తాను మోసం చేసుకునేవాడికి ఆ సంగతే తెలియదు. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో అద్దంలో ముఖం చూసుకొని, వెళ్లి మరచిపోయే మనిషి గురించి చెప్పాడు. ఆ మనిషి మందిరం మానేసినవాడు కాదండీ, వాక్యం వినేవాడే! అంటే ఈ జబ్బు మనలాంటి భక్తులకే ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు 1 సమూయేలు 15వ అధ్యాయానికి రండి. ఆ అధ్యాయంలోని యుద్ధం గురించి మనకు కష్టమైన ప్రశ్నలున్నాయి, వాటిని మరో రోజు తప్పక మాట్లాడుకుందాం. ఈ రోజు సౌలును మాత్రం చూద్దాం. అతను యుద్ధం నుంచి వస్తూ కర్మెలులో తన జయానికి గుర్తుగా ఒక శిల నిలబెట్టుకున్నాడు. సమూయేలు ఎదురుపడగానే, దేవుడు చెప్పినదంతా చేసేశానని సంతోషంగా చెప్పాడు. సమూయేలు ఒక్కటే అడిగాడు. మరి నా చెవులకు వినబడే ఈ గొర్రెల అరుపులు ఏమిటి?

ఆ అరుపులు సౌలుకు వినబడలేదా? చెవిటివాడేమీ కాదు. రోజంతా వాటి మధ్యే నడిచాడు. అలవాటైపోయింది.

ఆ తర్వాత అతను చెప్పిన జవాబులు చూడండి. మొదట, జనం తెచ్చారన్నాడు. తర్వాత, అవి దేవునికి బలి ఇవ్వడానికే అన్నాడు. చివరికి, జనానికి భయపడ్డానని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక కూడా, పెద్దల ముందు తన పరువు నిలబెట్టమని బతిమాలాడు. తప్పు ఇతరుల మీదికి తోయడం, తప్పుకు భక్తి పేరు పెట్టడం, పశ్చాత్తాపంలో కూడా పరువు చూసుకోవడం. ఈ మూడు గుర్తులు జ్ఞాపకం పెట్టుకోండి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం నేను కాపరిగా ఉన్న సంఘంలో ఒక అమ్మ మందిరం ఊడ్చేది, మరుగుదొడ్లు కడిగేది. ప్రతి శనివారం సాయంత్రం, ఆదివారం తెల్లవారుజామున వచ్చేది. నెలకు 800 రూపాయలు ఇచ్చేవాళ్లం. దాన్ని జీతం అనేవాళ్లం కాదు, కానుక అనేవాళ్లం. అదే రోజుల్లో నేను పారిశుధ్య కార్మికుల సభలకు వెళ్లి, కనీస వేతనం కార్మికుల హక్కని గొంతు చించుకొని మాట్లాడేవాణ్ణి. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు గదా, వాళ్ల కోసం.

ఒక రోజు డిగ్రీ చదివే ఒక అమ్మాయి సంఘం లెక్కలు రాయడంలో సాయం చేస్తూ అడిగింది, "అయ్యగారూ, ఈ 800 జీతం కింద రాయాలా, కానుక కింద రాయాలా?" నేను, "ఆ అమ్మ డబ్బు కోసం చేయదమ్మా, భక్తితో చేస్తుంది" అన్నాను. ఆ పిల్ల వెంటనే, "ఆమెను అడిగారా అయ్యగారూ?" అంది.

అడగలేదు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మందిరంలో డబ్బులడిగితే ఏమనుకుంటారో అని భయపడ్డానయ్యా. నేనూ విశ్వాసినే గదా" అంది. ఆమె భక్తి మాకు పొదుపు అయింది. ఆ సంవత్సరమే మేము కొత్త సౌండ్ సిస్టమ్ కొన్నాం. దానిలోనుంచే న్యాయం గురించి నేను ప్రసంగాలు చేశాను!

కమిటీలో ఈ మాట ఎత్తితే ఒక పెద్దాయన, "ముందున్న పాస్టర్లు కూడా ఇంతే ఇచ్చారు కదా" అన్నారు. నెల రోజులు వాదించుకున్నాక, బయట ఆ పనికి ఇచ్చే కూలి లెక్కన జీతం ఖాయం చేశాం. పాత బాకీలో కొంతే ఇవ్వగలిగాం, అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఒక ఆదివారం సంఘం ముందు నిలబడి నా తప్పు ఒప్పుకున్నాను. ఒప్పుకుంటున్నప్పుడు కూడా, పాస్టరు గారు ఎంత నిజాయితీపరుడో అనుకుంటారని లోపల ఒక చిన్న సంతోషం! సౌలు అంత తేలిగ్గా చావడు.

అందుకే నా అనుభవంలో నేర్చుకున్నది చెబుతాను. ఒంటరిగా మోకరించి గుండె తడుముకుంటే చాలదు, ఎందుకంటే తడిమే చెయ్యి కూడా ఆ గుండె మాటే వింటుంది. మన తప్పుకు వెల కట్టేది ఎవరో, వాళ్ల దగ్గరికి వెళ్లి అడగాలి. దావీదుకు నాతాను కావలసి వచ్చాడు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తున్న పేతురు, యెరూషలేము నుంచి మనుషులు రాగానే పంక్తి నుంచి తప్పుకున్నాడు. బర్నబా కూడా అదే దారి పట్టాడు. అందరి ముందు పౌలు నిలదీశాడు. గలతీ పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. అంత గొప్ప అపొస్తలుడికే మరొకరు చెప్పవలసి వస్తే, మనమెంత?

పంక్తి అన్నాను గనుక కులం మాట కూడా చెప్పాలి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాల జాబితాకు బయట ఉంచింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులను చేర్చలేదు. ప్రతి ఆగస్టు 10న మనం నల్ల బ్యాడ్జీలు పెట్టుకొని, బాప్తిస్మం తీసుకున్నా కులం పోలేదని చెబుతాం. అది నిజం, ఆ పోరాటం న్యాయమైనది. అదే మనం ఆదివారం మందిరంలో, మా సంఘంలో కులం లేదంటాం. ప్రభుత్వం ముందు ఉందంటాం, ప్రభువు ముందు లేదంటాం. ఈ రెండింటి మధ్య గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి.

యౌవనులారా, ఇది పెద్దల జబ్బే అనుకోకండి. ఫోనులో సమానత్వం గురించి పోస్టులు పెట్టి, పెళ్లి దగ్గర కులం చూసి, "అమ్మానాన్న ఒప్పుకోరు అంకుల్" అంటారు. జనానికి భయపడ్డానన్న సౌలు మాట అదే. కట్నం తీసుకొని, "వాళ్లే ఇష్టంతో ఇచ్చారు" అంటారు. 1961 నుంచి కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం నేరం. ఇష్టంతో ఇచ్చారా? ఆ అమ్మాయి తండ్రిని అడిగారా?

ఇంకొక మాట. ఈ ప్రసంగం విని, ఎప్పుడూ అణిగి ఉన్నవాళ్లు తమనే మరింత నిందించుకోకూడదు. మందిరం ఊడ్చిన ఆ అమ్మ కూడా ఒక అబద్ధం నమ్మింది. తనకు అడిగే హక్కు లేదన్న అబద్ధం. దాన్ని ఆమెకు నేర్పింది మనమే. సత్యం కొందరి తల వంచుతుంది, కొందరి తల ఎత్తుతుంది. రెండూ సువార్తే.

జక్కయ్య ఇంటికి యేసు వచ్చినప్పుడు అతను ఏడ్చి ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మారుమనస్సుకు లెక్క ఉంటుంది.

కాబట్టి ఇళ్లకు వెళ్లాక ఒక పని చేయండి. మీ ఇంట్లో, మీ సంఘంలో మీ కోసం కష్టపడే ఒక మనిషి దగ్గర కూర్చోండి. "మేము మీకు ఏమైనా అన్యాయం చేస్తున్నామా?" అని అడగండి. అడిగాక మీరు మాట్లాడకండి. ఆ జవాబు వినే ఓపికను, విన్నాక సరిచేసుకునే ధైర్యాన్ని దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.