రిపోర్టులో బాగున్న అంకె

ఇవాళ పట్టాలు అందుకుంటున్న యువ డాక్టర్లకు అభినందనలు. సేవ గురించి, త్యాగం గురించి నా ముందు మాట్లాడిన పెద్దలు చెప్పేశారు. నేను ఒక ల్యాబ్ రిపోర్టు గురించి చెబుతాను.

రేపు మీ ఓపీకి ఒక సన్నటి అమ్మాయి రావచ్చు. మెడ వెనకా, చంకల్లో చర్మం నల్లగా, మందంగా ఉంటుంది. మురికనుకుని వాళ్లమ్మ శనగపిండి పెట్టి రుద్దీ రుద్దీ విసిగిపోయి ఉంటుంది. నెలసరి సరిగా రాదు. గడ్డం మీద వెంట్రుకలు. పాత చీటీ మీద పీసీఓడీ అని రాసి ఉంటుంది. రోజుకు 200 యూనిట్ల ఇన్సులిన్ పొడిచినా షుగరు దిగదు. మీరు 'తీవ్రమైన ఇన్సులిన్ రెసిస్టెన్స్' అని రాస్తారు. రాయండి, తప్పు లేదు. అంతటితో ఫైలు మూసేస్తేనే చిక్కు.

మామూలు రెసిస్టెన్స్‌లో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, కాలేయానికి కొవ్వు పడుతుంది, కొవ్వు కణాల నుంచి వచ్చే అడిపోనెక్టిన్ తగ్గుతుంది. ఒంట్లో కొవ్వు దాచుకునే చోటే కరువైన లైపోడిస్ట్రఫీలో ఇది మరీ ముదురుతుంది. ఒళ్లంతా కొవ్వు లేనివారిలో లెప్టిన్ కూడా అడుగంటుతుంది. ఇక జన్యు లోపంతో ఇన్సులిన్ రిసెప్టరే పాడైనవారిలో? కేంబ్రిడ్జిలో రాబర్ట్ సెంపుల్, స్టీఫెన్ ఒరాహిలీ బృందం 2006లో వెల్లడించిన ఫలితాల్లో లెక్క తిరగబడింది. అడిపోనెక్టిన్ తగ్గలేదు సరికదా, బాగా ఎక్కువగా ఉంది. ఇలాంటివారిలో ట్రైగ్లిజరైడ్లు కూడా సాధారణంగా పెరగవు.

ఎందుకో తెలిస్తే ఇక మరిచిపోరు. మామూలు రెసిస్టెన్స్‌లో కాలేయం షుగరు విషయంలో ఇన్సులిన్ మాట వినదు, కొవ్వు తయారు చెయ్యమంటే మాత్రం వింటుంది. రిసెప్టరే చెడిపోతే రెండూ వినదు. అందుకే కొవ్వు పేరుకోదు. ఇన్సులిన్ అణచి ఉంచాల్సిన ఎస్‌హెచ్‌బీజీ, ఐజీఎఫ్‌బీపీ-1 అనే ప్రొటీన్లు కూడా అణగవు. జన్యువు సవ్యంగానే ఉండి, రిసెప్టర్ మీద యాంటీబాడీలు పుట్టినా రక్తంలో ఇంచుమించు ఇదే వరస.

ఈ తేడా పరీక్ష పేపరు కోసం కాదు. యాంటీబాడీల జబ్బయితే రోగనిరోధక వ్యవస్థను అణచే మందులతో నయం కావచ్చు. ఒళ్లంతా కొవ్వు లేని లైపోడిస్ట్రఫీకి మెట్రెలెప్టిన్ ఉంది. అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. ఒకరికి పనికొచ్చేది మరొకరికి పనికిరాకపోవచ్చు.

అడిపోనెక్టిన్ పరీక్ష మీ ఊళ్లో దొరక్కపోవచ్చు. లిపిడ్ ప్రొఫైల్ దొరుకుతుంది, కడుపు స్కానింగ్ దొరుకుతుంది. తుది నిర్ధారణ జన్యు పరీక్షదో, యాంటీబాడీ పరీక్షదో గానీ తొలి అనుమానం మీకే రావాలి. అలాంటి అమ్మాయికి ట్రైగ్లిజరైడ్లు మామూలుగా ఉంటే, బాగానే ఉందిలే అని పేజీ తిప్పకండి. ఇన్సులిన్ డోసు ఇంకా పెంచేలోగా, ఆ పరీక్షలు చేయగల చోటికి పంపండి.