అరువు శిల్పాలు, సొంత శిల్పాలు: కాన్‌స్టంటైన్ విజయ తోరణం



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు జీవితమంతా శాసనాలు చదివారు. రాతి మీద ఏం రాసి ఉందో తెలుసుకోవడంతో ఆగవద్దనీ, ఆ రాయి అక్కడికి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగమనీ శిష్యులకు చెప్పేవారు. ఈ సాయంత్రం ఆ రెండో ప్రశ్నను రోమ్ నగరంలోని ఒక కట్టడం ముందు పెడతాను.

అది కొలోసియం పక్కనే ఉన్న కాన్‌స్టంటైన్ విజయ తోరణం. 1960 ఒలింపిక్స్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా రాత్రివేళ, ఉత్తకాళ్లతో మారథాన్ ముగించింది ఈ తోరణం దగ్గరే.

క్రీ.శ. 312 అక్టోబరు 28న రోమ్ శివార్లలోని మిల్వియన్ వంతెన దగ్గర, రోమన్ సింహాసనం కోసం పోటీపడ్డ కాన్‌స్టంటైన్, మాక్సెంటియస్‌ల సేనలు తలపడ్డాయి. ఓడిన మాక్సెంటియస్ టైబర్ నదిలో మునిగి చనిపోయాడు. గెలిచినవాడికి సెనేట్ ఈ తోరణం కట్టించి, అతని పాలన పదో ఏటి ఉత్సవాల వేళ, 315లో అంకితం చేసింది. ఎత్తు 21 మీటర్లు, వెడల్పు దాదాపు 26. మధ్యలో పెద్ద ద్వారం, దానికి అటూ ఇటూ చిన్న ద్వారాలు. పాత రోమ్ సభాస్థలమైన ఫోరంలో అంతకు వందేళ్ల ముందే వెలిసిన సెప్టిమియస్ సెవెరస్ తోరణానిదీ ఇదే పద్ధతి. కింది భాగమంతా పాలరాతి దిమ్మెలు. పైభాగం ఇటుక కట్టు, దాని మీద పాలరాతి పలకల తొడుగు. ముందూ వెనకా నాలుగేసి పసుపురంగు స్తంభాలు ఉన్నాయి. ఆ రాయి ఉత్తర ఆఫ్రికాలోని నుమిడియా గనులది.

ఇక శిల్పాల సంగతి. స్తంభాల నెత్తిన నిలబడ్డ ఎనిమిది మంది డేసియన్ బందీలు ట్రాజన్ కాలపువాళ్లు. నేటి రొమేనియా ప్రాంతమైన డేసియాను 106 నాటికి జయించిన చక్రవర్తి ట్రాజన్. మధ్యద్వారం లోపలి గోడల మీదా, పైభాగపు రెండు పక్కల మీదా ఉన్న యుద్ధదృశ్యాలు కూడా అతనివే. ఒకే పొడవాటి శిల్పపట్టీని నాలుగు ముక్కలు చేసి తెచ్చి పెట్టారు. పక్కద్వారాల పైన జంటలుగా ఉన్న ఎనిమిది గుండ్రటి ఫలకాలు హేడ్రియన్ కాలానివి. ప్రతి జంటలో వేటకు సంబంధించింది ఒకటి, దేవతకు బలి ఒకటి. ఎలుగుబంటి, అడవిపంది, సింహం. సిల్వానస్, డయానా, అపోలో, హెర్క్యులిస్. అన్నిటికంటే పైన, శాసనానికి అటూ ఇటూ ఉన్న నిలువు ఫలకాలు మార్కస్ ఆరేలియస్‌వి. ఆ పాత చక్రవర్తుల ముఖాలను చెక్కి కొత్త ముఖాలుగా మార్చారు. పందిని తరిమే గుర్రం మీద ఉన్న దేహం హేడ్రియన్‌దే, కాని ముఖం మాత్రం మారిపోయింది.

పాత రాయిని తిరగేసి వాడుకోవడం మనకు తెలియని పని కాదు. అమరావతి స్తూపం ఫలకమొకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వపు శిల్పి చెక్కిన బోధివృక్షారాధన. శతాబ్దాల తర్వాత మరో శిల్పి అదే రాయిని తిప్పి, వెనకవైపు ఏకంగా స్తూపాన్నే చెక్కాడు. రోమ్‌లో జరిగింది అందుకు భిన్నం. అక్కడ పాత బొమ్మను మరుగుపరచలేదు, నలుగురికీ కనబడేలా ఎదురుగా నిలబెట్టారు.

ఈ తేడాను పట్టించుకోని విమర్శ నాలుగు వందల ఏళ్లకు పైగా సాగింది. 1519 ప్రాంతంలో పోప్ పదవ లియోకు రాసిన లేఖలో చిత్రకారుడు రఫాయెల్ ఈ తోరణ నిర్మాణాన్ని మెచ్చుకుని, కాన్‌స్టంటైన్ కాలపు శిల్పాలను చేతకానివాళ్ల పనిగా తీసిపారేశాడు. కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి కూడా అదే మాట అన్నాడు. 1954లో కళావిమర్శకుడు బెరెన్సన్ ఈ తోరణం మీద రాసిన పుస్తకం పేరులోనే క్షీణత ఉంది. శిల్పులు దొరక్క, ఉన్నవాళ్లకు పని రాక పాతవి దోచుకొచ్చి అతికించారని ఈ వరస వాదన. దీన్ని గట్టిగా ఎదిరించినవాడు వియన్నా పండితుడు ఆలోయిస్ రీగల్. 1901లోనే ఆయన ఇది పతనం కాదు, మరో దృష్టి అన్నాడు. నేను రీగల్ పక్షం. ఎందుకో ఆ రాళ్లే చెబుతాయి.

కాన్‌స్టంటైన్ శిల్పుల సొంతపని చాలావరకు ఒక సన్నని పట్టీలో ఉంది. మీటరు ఎత్తుండే ఆ పట్టీ పక్కద్వారాల మీదుగా కట్టడం చుట్టూ తిరుగుతుంది. మిలాన్ నుంచి ప్రయాణం, వెరోనా ముట్టడి, వంతెన దగ్గర యుద్ధం, నగరప్రవేశం, ఉపన్యాసం, ధనదానం.

ఉపన్యాస దృశ్యం చూడండి. ఫోరం వేదిక మీద కాన్‌స్టంటైన్ సూటిగా మనవైపు తిరిగి నిలబడ్డాడు. తల విరిగిపోయింది. వెనక అయిదు స్తంభాల స్మారకం, ఆ పక్కన సెవెరస్ తోరణం కనిపిస్తాయి. వేదిక రెండు చివరలా రెండు కూర్చున్న విగ్రహాలున్నాయి. ఒకటి హేడ్రియన్‌ది, ఒకటి మార్కస్ ఆరేలియస్‌ది. ఎవరి శిల్పాలు తెచ్చి పైన పొదిగారో ఆ చక్రవర్తులనే కింద తమ చేత్తో చెక్కారు. గత్యంతరం లేక ఏ రాయి దొరికితే ఆ రాయి తెచ్చినవాళ్లకు ఈ పొందిక ఎలా కుదురుతుంది? మంచి పాలకులని సెనేట్ తలుచుకునే చక్రవర్తుల వరసలో కొత్తవాణ్ణి నిలబెట్టాలన్న ఆలోచన ఇందులో స్పష్టంగా ఉంది.

ధనదానం ఇంకా గొప్పది. నడుమ సింహాసనం మీద చక్రవర్తి, చుట్టూ ఉన్న అందరికంటే పెద్దగా. పైన అటూ ఇటూ గదుల్లో గుమాస్తాలు. ఒకడు పెట్టెలోంచి నాణేలు తీస్తుంటే ఇంకొకడు చుట్ట విప్పి లెక్క రాస్తున్నాడు. కింద జనం తలలెత్తి, చేతులు చాచి వరసగా నిలబడ్డారు. చక్రవర్తి పక్కనే ఒక సెనేటర్ తన పైబట్ట టోగా మడతను ఒడిలా పట్టాడు. మనుషులు పొట్టిగా, తలలు పెద్దవిగా ఉన్న మాట నిజం. బట్టల ముడతలు తొలుపుడు గీతలే. కాని నేల మీద నిలబడి తలెత్తి చూసేవాడికి ఎవరు ఇస్తున్నారు, ఎవరు పుచ్చుకుంటున్నారు అన్నది క్షణంలో తెలుస్తుంది. పై గుండ్రటి ఫలకాల్లో చక్రవర్తిని వెతుక్కోవాలి, ఇక్కడ వెతకనక్కర్లేదు. ఎదురుగా చూసే పాలకుడు, ఆయన చుట్టూ వరసలు కట్టిన జనం: రెండు వందల ఏళ్ల తర్వాత రవెన్నా చర్చిలో జస్టీనియన్ చక్రవర్తి మొజాయిక్ నిలిచింది ఈ పద్ధతి మీదే. దీన్ని చేతకానితనం అనడం అన్యాయం.

శాసనంలోనూ ఇంతే జాగ్రత్త ఉంది. దైవప్రేరణ వల్ల, తన మనసు గొప్పతనం వల్ల కాన్‌స్టంటైన్ నిరంకుశుడి నుంచి రాజ్యాన్ని కాపాడాడని చెబుతుందే గాని ఆ దైవం ఎవరో చెప్పదు. తోరణం మీద శిలువ లేదు. తూర్పు పక్కన సూర్యుడు, పడమట చంద్రుడు ఉన్నారు. పాత దేవతలను కొలిచే సెనేటర్‌కూ, కొత్త మతమైన క్రైస్తవం పుచ్చుకున్నవాడికీ అభ్యంతరం లేని మాట ఆ ‘దైవప్రేరణ’.

మీలో ఎవరైనా రోమ్ వెళితే ఉత్తర ముఖం ముందు, కుడివైపు చిన్న ద్వారానికి ఎదురుగా నిలబడండి. పైన హేడ్రియన్ సింహపువేట, హెర్క్యులిస్‌కు బలి. వాటి కిందే నాణేలు లెక్కపెట్టే గుమాస్తాలు. ఆ రెంటికీ నడుమ దాదాపు 180 ఏళ్లు. ముందు కింద ఉన్నవాళ్లను చూసి, ఆ తర్వాతే పైకి చూడండి.